తీరిక ఎవడబ్బ సొత్తు?

ఏప్రిల్ ఆఖర్లో బడికి తాళం పడుద్ది. మళ్ళీ జూన్ రెండో వారంలోనే తెరిచేది. ఈ నెలా పదిహేను రోజుల్ని సర్కారు కాగితాల్లో వేసవి సెలవులంటారు. ఎవరికి సెలవులు? ఊళ్ళో పిల్లలకి సెలవులు. పల్లెలో పిల్లలకి సీజను. మామిడి తోటల్లో కాయ కోత, మిరప కల్లాల్లో తొడిమలు తీత, అడవి పక్క ఊళ్ళయితే తునికాకు. అమ్మ కరువు పనికి పోతే చంటివాడిని చంకన వేసుకుని ఇంటికాడ కాపలా. గురుకులం నుంచి వచ్చిన పిల్లయితే సంచి నిండా హోంవర్కు, ఎంట్రన్సు కోచింగు. ఎటు చూసినా పనే.

ఈ పనుల మధ్యన ఏ మధ్యాహ్నమో ఒక పిల్ల వేపచెట్టు కింద నులక మంచం వేసుకుని, బోర్లా పడుకుని, నవల చదువుతుంటే చూసినవాళ్ళు ఏమంటారు? 'పనీపాటా లేదంటే నీకు?' ఈ మాట దొర అంటాడు. కన్న తండ్రీ అంటాడు. మన సంఘం నాయకుడూ అంటాడు. ముగ్గురూ ఒకే మాట అంటున్నారంటే అందులో ఏదో మతలబు ఉంది. మేము ఈ ముగ్గురితోనూ తగాదాకి దిగుతున్నాం. అయితే ముగ్గురితోనూ ఒకే రకం తగాదా కాదు.

దొర సంగతి తేలిక. వాడి శాస్త్రమే చెప్పింది. శూద్రుడికి ఒకటే పని, మిగతా మూడు వర్ణాలకీ సేవ చెయ్యటం అని మనువు రాసిపెట్టాడు. శూద్రుడికే అదయితే ఊరి బయట ఉన్న మనకి ఇంకేం మిగులుద్ది? మన ఒంటికి చెమట పట్టకుండా ఒక గంట గడిచిందంటే ఆ గంట తన జేబులోంచి దొంగతనం జరిగినట్టు వాడికి అనిపిస్తది. మనం ఆకలితో ఉంటే జాలి పడే అగ్రవర్ణస్థులు ఉన్నారు. మనం ఏడిస్తే కవిత్వం రాసేవాళ్ళు కూడా ఉన్నారు. మనం తీరిగ్గా కూర్చుని ఆనందిస్తే మాత్రం ఓర్చుకునేవాళ్ళు చాలా తక్కువ.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. చుండూరు గుర్తు చేసుకోండి. 1991 ఆగస్టు 6న మన వాళ్ళని ఎనిమిది మందిని నరికి చంపారు. ఆ గొడవకి నిప్పు ఎక్కడ అంటుకుంది? పొలం గట్టు మీద కాదు, కూలి రేటు దగ్గరా కాదు. సినిమా హాల్లో. మన కుర్రాడి కాలు అగ్రకులపు కుర్రాడికి తగిలిందట. వెనకాల ఇంకా కారణాలు ఉన్నాయి. మన పిల్లలు చదువుకున్నారు, కొందరు ఉద్యోగాల్లోకి వెళ్ళారు, వంగి దండం పెట్టటం మానేశారు. ఆ కడుపుమంటంతా బయటపడిన చోటు మాత్రం వినోదం దొరికే చోటే. డబ్బులిచ్చి టిక్కెట్టు కొనుక్కుని, వాళ్ళ పక్కనే కాళ్ళు చాపుకుని కూర్చుని, తెర మీద బొమ్మ చూసి నవ్వుకునే హక్కు మనకెక్కడిదని వాళ్ళ కోపం. కాబట్టి సంతోషం చిన్న సంగతి అనుకోకండి. దాని కోసం కూడా మన వాళ్ళ రక్తం కారింది.

బాబాసాహెబ్ ఈ విషయం స్పష్టంగానే చెప్పారు. కాంగ్రెసు, గాంధీ అంటరానివాళ్ళకి ఏం చేశారని నిలదీస్తూ 1945లో ఆయన రాసిన పుస్తకంలో గాంధీవాదం మీద ఒక అధ్యాయం ఉంది. యంత్రాలొద్దు, రాట్నం చాలు, పల్లెల్లో ఎవడి కులవృత్తి వాడు చేసుకుంటే అదే స్వర్గం అన్న వాదాన్ని ఆయన అందులో ఉతికి ఆరేశారు. ఆయన వాదం సారాంశం ఇది: పశువుకీ మనిషికీ తేడా సంస్కృతి. పొద్దస్తమానం పొట్ట కోసమే ఒళ్ళు గుల్ల చేసుకునేవాడికి సంస్కృతి ఎక్కణ్ణుంచి వస్తది? దానికి తీరిక ఉండాలి. యంత్రం మనిషి చాకిరీ తగ్గించి ఆ తీరికనిస్తది కాబట్టి యంత్రం కావాలి. చూశారా! తీరిక లేనిదే మనిషి బతుకు కాదని మన నాయకుడు రాసి ఎనభై ఏళ్ళు గడిచాయి. మనమింకా తీరికని తప్పులాగా దాచుకుంటున్నాం.

ఇక తండ్రి సంగతి. ఈ తగాదా కష్టమైనది, ఎందుకంటే ఆయన శత్రువు కాదు. తను వేలిముద్ర వేసినవాడు. బిడ్డ సంతకం పెడుతుంటే కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాడు. చదువంటే ఆయనకి ఒకటే అర్థం, ఉద్యోగం. టెంత్ పాసయితే ఇంటరు, ఇంటరు పాసయితే డిగ్రీ, ఆ తర్వాత కానిస్టేబులో, పంతులో, సచివాలయంలో గుమాస్తానో. ఈ దారిలో నవల ఎక్కడా కనపడదు. 'క్లాసు పుస్తకమేనా అది?' అని అడుగుతాడు. కాదంటే మొహం చిట్లిస్తాడు. ఈ ప్రశ్న మేము మా ఇళ్ళల్లో విన్నాం, ఇప్పుడు మా బడి పిల్లల ఇళ్ళల్లో వింటున్నాం. మా వంశంలో మొట్టమొదట డిగ్రీ చదివినవాళ్ళం మేము. అందువల్ల ఆ తండ్రి భయం మాకు బాగానే తెలుసు. ఒక్క మెట్టు జారితే మళ్ళీ పాలేరుతనమే అన్న భయం అది.

అయినా నాయనా, ఒక్క మాట. ఊళ్ళో కరణం గారి మనవడు సెలవుల్లో ఏం చేసేవాడు? వరండాలో పడక కుర్చీలో కూర్చుని వారపత్రిక సీరియలు చదివేవాడు. వాళ్ళ అమ్మ పట్నం నుంచి నవలలు అద్దెకి తెప్పించుకునేది. వాళ్ళు అలా చదివి చెడిపోయారా? వాడికి అమెరికా ఉద్యోగం రాకుండా పోయిందా? వాళ్ళింట్లో పుస్తకం పరీక్షకీ ఉంది, సరదాకీ ఉంది. మనింట్లో పరీక్షకి మాత్రమే ఉంది. బరువు మోసేవాడికి బస్తా ఎంత ఇష్టమో మన పిల్లలకి పుస్తకం అంత ఇష్టం అయింది! పరీక్ష అయిపోయిన రోజునే పుస్తకాలు పాత పేపర్లవాడికి కిలోల లెక్కన అమ్మేస్తున్నారు. మేము పంతుళ్ళం, ఇరవై ఏళ్ళుగా ఏటా ఏప్రిల్ నెలలో ఇదే చూస్తున్నాం.

ఆడపిల్లకి ఇంకో గదమాయింపు అదనం. నవలలు చదివితే చెడిపోద్దని. ఈ మాట మనం కనిపెట్టింది కాదు. 1960లు, 70లలో పత్రికల్లో రచయిత్రుల సీరియళ్ళు ఊపేస్తున్నప్పుడు అగ్రవర్ణాల ఇళ్ళల్లో మగవాళ్ళు తమ ఆడవాళ్ళని అన్న మాటే అది. ఆ రోజుల్లో ఆడపేరుంటేనే నవల అమ్ముడుపోద్దని మగవాళ్ళు కూడా ఆడపేర్లు పెట్టుకుని రాశారు. వాళ్ళ ఇళ్ళల్లో ఆ గదమాయింపు ఎప్పుడో పాతబడిపోయింది. వాళ్ళు విడిచేసిన చొక్కాలు తొడుక్కున్నట్టు వాళ్ళు విడిచేసిన బూజు మాట మనం ఎత్తుకోవాలా?

నాలుగేళ్ళ కిందట గుంటూరు వైపు మిరప కల్లంలో జరిగింది చెబుతాం. పదకొండు మంది ఆడవాళ్ళు కూర్చుని తొడిమలు తీస్తున్నారు. కిలోల లెక్కన కూలి. ఘాటుకి ముక్కులు కారిపోతున్నయ్, మొహాలకి గుడ్డలు కట్టుకున్నారు. వాళ్ళలో ఇంటరు చదివే పిల్ల ఒకతి ఉంది. పాత పుస్తకాల బండి మీద ఇరవై రూపాయలకి కొన్న యద్దనపూడి 'సెక్రటరీ' సంచిలో పెట్టుకొచ్చింది, అన్నాలప్పుడు చదువుకుందామని. అది చూసి పెద్దమ్మ ఒకావిడ 'పైకి చదవ్వే, మేమూ వింటాం' అంది. 'చదివితే నా కాయలు ఎవరు తీస్తారు పెద్దమ్మా?' అందా పిల్ల. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. పది మందీ తలా ఒక చేటెడు చొప్పున తీసిన కాయలు పిల్ల కుప్పలో పోశారు. పిల్ల కూలి పిల్లకి పడుద్ది, కథ అందరికీ వస్తది. ఎవరూ చెప్పకుండా, ఏ సంఘమూ మీటింగు పెట్టకుండా వాళ్ళకి వాళ్ళే చేసుకున్న ఏర్పాటు ఇది.

రెండో రోజుకి మేస్త్రి చూశాడు. 'పనికొచ్చారా, కథలు వినటానికొచ్చారా?' అని ఎగిరాడు. ఆ సాయంత్రం కల్లం ఆసామి వచ్చి, పుస్తకం తెస్తే రేపట్నించి రావొద్దన్నాడు. ఇక్కడ ఆగి ఆలోచించండి. కూలి కిలోల లెక్కన. తూకం ఒక్క వీసం తగ్గలేదు. ఆసామికి పైసా నష్టం లేదు. మరి దేనికి మండింది? చేతులు వాడివే అయినా చెవులు వాడివి కాకుండా పోయాయి. పని చేస్తూ కూడా వాళ్ళు సంతోషంగా ఉన్నారు. అదీ నేరం. పెద్దమ్మ లేచి నిలబడి 'కాయ తూకంలో తగ్గితే అడుగయ్యా, మా చెవులకి నువ్వేమన్నా కూలి ఇస్తున్నావా?' అంది. మిరప అంతా కల్లంలో ఎండిపోయి ఉంది, కూలీలు దొరకని రోజులు. ఆసామి గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. పుస్తకం ఆగలేదు.

విన్నవాళ్ళు ఊరికే వినలేదు. రాజశేఖరం కారు దిగినప్పుడల్లా పకపకా నవ్వారు. 'అంత పెద్ద మేడలో అంట్లు ఎవరు తోముతున్నారే? ఆమె పేరు ఏమన్నా రాశారా?' అని ఒకావిడ అడిగింది. విశ్వవిద్యాలయాల్లో కూర్చుని చేసే సాహిత్య విమర్శ ఇంతకన్నా గొప్పగా ఏం ఉంటది? ఆ నవల అయిపోయాక మేము కళ్యాణరావు 'అంటరాని వసంతం' ఇచ్చాం. రూతు తలుచుకుంటుంటే తరతరాల మన బతుకు కళ్ళముందు నడిచి వచ్చే నవల అది. పాటలు కట్టే ఎల్లన్న, సుభద్ర వస్తుంటే పెద్దమ్మ అదే పేజీ మళ్ళీ చదివించుకుంది. ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు, అది మిరప ఘాటు కాదు. ఇంకొకావిడ మాత్రం 'మన కష్టాలు మనకి తెలిసినయ్యేగా, ఆ కార్ల కథ ఇంకోటి ఉంటే తేవే' అంది. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. ఆ అక్క అడిగింది న్యాయమే అని మేము అంటున్నాం. ఇక్కడే మూడోవాడితో, అంటే మన నాయకుడితో, మాకు తగాదా.

మన నాయకుడు ఏమంటాడు? 'బాబాసాహెబ్ రచనలు చదవండి, ఫూలే గులాంగిరీ చదవండి, చట్టాలు చదవండి. నవలలు టైంపాసు వ్యవహారం. ఉద్యమానికి పనికొచ్చేది చదవాలి.' అన్నా, నీ మీద మాకు గౌరవం ఉంది. జైళ్ళకి పోయినవాడివి. కానీ అంబేద్కర్ భవనానికి వెళ్ళి చూడు. ఆ లావుపాటి సంపుటాలు అద్దాల బీరువాలో తాళం వేసి ఉన్నాయి. ఏప్రిల్ 14న తాళం తీసి, దుమ్ము దులిపి, దండ వేసి, మళ్ళీ తాళం వేస్తున్నాం. ఎందుకు తెరవటం లేదు? మూడు వందల పేజీలు కుదురుగా కూర్చుని చదివే అలవాటు మనలో ఎంతమందికి ఉంది? ఆ అలవాటు సంపుటాలతో మొదలవదు. రాత్రి అన్నం మాని, దీపం దగ్గర కళ్ళు పోగొట్టుకుని, తర్వాత ఏమవుద్దో అని ఊపిరి బిగబట్టి చదివిన నవలతో మొదలవుద్ది. మధుబాబు షాడోతో మొదలు కావచ్చు, యండమూరి 'తులసిదళం'తో మొదలు కావచ్చు. (తులసిదళంలో చేతబడులు ఉన్నాయని హేతువాద మిత్రులు మా మీదికి రావచ్చు. రండి, పిల్లలతో కలిసి చదివి వాళ్ళతోనే వాదించండి.)

అయితే ఇలా చెప్పి ఊరుకుంటే మేము కూడా నాయకుడి తక్కెడలోనే తూచినట్టు. నవల చదివితే అలవాటు వస్తది, అలవాటు వస్తే సంపుటాలు చదువుతారు, సంపుటాలు చదివితే ఉద్యమం. అంటే మళ్ళీ పనికొస్తేనే పుస్తకం! ఎద్దు పనికొస్తేనే మేత అన్నట్టు. మేము అనేది వేరు. దేనికీ పనికిరాకపోయినా సరే, మా పిల్లకి నవల చదువుకునే మధ్యాహ్నం కావాలి. ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని ఒక మధ్యాహ్నం. ఊళ్ళో పిల్లని ఆ ప్రశ్న ఎవరూ అడగరు. మా పిల్లనే ఎందుకు అడగాలి? మన బతుకులో ప్రతి నిమిషానికీ లెక్క చెప్పటం వెట్టి లక్షణం. దొరకి చెప్పినా వెట్టే, ఉద్యమానికి చెప్పినా వెట్టే.

అన్నాభావు సాఠే సంగతి విన్నారా? మహారాష్ట్రలో మాంగ్ కులంలో 1920లో పుట్టాడు. మన మాదిగల లాంటి కులం. బడికి వెళ్ళింది ఒకటిన్నర రోజు అంటారు. బొంబాయి చేరి మిల్లుల్లో, వీధుల్లో నానా కూలిపనులూ చేశాడు. అలాంటివాడు మరాఠీలో ముప్పైకి పైగా నవలలు రాశాడు. 1959లో వచ్చిన 'ఫకీరా'ని అంబేద్కర్‌కి అంకితమిచ్చాడు. కరువులో జనం చస్తుంటే ధాన్యం కొల్లగొట్టి పంచిన మాంగ్ వీరుడి కథ అది. గుర్రాలు, కత్తులు, తెల్లదొరల మీద తిరుగుబాటు. చదివేవాడు ఊపిరి పీల్చుకోవటం మర్చిపోవాలి, అట్లా రాశాడు. కష్టాల జాబితా రాయలేదు. తన వాళ్ళకి ముందు కథ కావాలని, కథలో గెలుపు కావాలని ఆయనకి తెలుసు.

మన తెలుగులో నవల పుట్టి 140 ఏళ్ళు దాటింది. అందులో మనం ఎక్కడున్నాం? పశువుల కొట్టం దగ్గర ఉన్నాం, పెరటి గుమ్మంలో ఉన్నాం, పేరు లేకుండా. వర్ణవ్యవస్థ కూలిపోతోందని వందల పేజీలు కన్నీళ్ళు పెట్టుకున్న నవలకి గొప్ప నవల అని పేరొచ్చింది. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో జైల్లో కూర్చుని 'మాలపల్లి' రాస్తే మద్రాసు ప్రభుత్వం భయపడి నిషేధించింది. ఆయన ధైర్యానికి దండం పెడతాం. అయినా ఆయన రామదాసు అంత శాంతమూర్తి మా పల్లెలో మాకెప్పుడూ తగల్లేదని కూడా అంటాం. మన పల్లెని మన వాళ్ళే రాయటానికి చాలా ఏళ్ళు పట్టింది. వేముల ఎల్లయ్య 'కక్క' రాస్తే మాదిగ గూడెం నోటిమాట యథాతథంగా అచ్చయింది. చిలుకూరి దేవపుత్ర 'పంచమం' రాశాడు. ఇవి చదవమంటున్నాం. అవీ చదవమంటున్నాం. వాళ్ళు రాసింది చదివితే వాళ్ళు మనల్ని ఎట్లా చూశారో తెలుస్తది. అసలు ఏమీ తెలియకపోయినా, బాగుంటే బాగుంది, అంతే.

పుస్తకాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? అద్దె పుస్తకాల షాపులు దాదాపు మూతబడ్డాయి. ఫోనులో దొరుకుతాయి అంటారు. దొరుకుతాయి, కానీ ఇంట్లో ఫోను ఒకటే ఉంటే అది నాన్న జేబులో ఉంటది, నాన్న పనిలో ఉంటాడు. ఇక మిగిలింది గ్రంథాలయం. గ్రంథాలయోద్యమం అంటే మన రాష్ట్రం వాళ్ళు ఛాతీ విరుచుకుంటారు. 1914లో బెజవాడలో మహాసభ జరిగిందనీ, 1935లో కృష్ణా కాలవ మీద పడవలో పుస్తకాలు తిప్పారనీ చెబుతారు. మంచి పనే, కాదనం. కానీ మాల రేవు వేరు, ఊరి రేవు వేరు అయిన రోజులవి. ఆ పడవ ఏ రేవున ఆగి ఉంటదో మనకి వేరే చెప్పాలా? ఇప్పటికీ చాలా ఊళ్ళల్లో గ్రంథాలయం ఊరి నడిబొడ్డున, గుడి పక్కనో రచ్చబండ పక్కనో ఉంటది. మా చిన్నప్పుడు మా ఊరి గ్రంథాలయంలో పుస్తకం అడిగితే, ఉన్నాయన చేతికివ్వకుండా బల్ల మీదికి జార్చేవాడు. పేపరు చదువుకో, పుస్తకాలు ఇంటికివ్వం అనేవాడు. ఊరి పిల్లలు మా ముందే నాలుగేసి నవలలు సంచిలో వేసుకుపోయేవాళ్ళు.

అక్కలారా, అన్నలారా, మీ ఇంటి పన్ను రశీదు తీసి చూడండి. అందులో గ్రంథాలయ సెస్సు అని ఉంటది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయానికి పోవాలి. ఇంటి పన్ను 500 కడితే అందులో 40 రూపాయల లెక్క. రెండు వందల గడప ఉన్న పల్లె నుంచి ఏడాదికి 8000. పూరింటికి పన్ను తక్కువుండొచ్చు, మేడకి ఎక్కువుండొచ్చు, అయినా మనమూ కడుతున్నాం. వసూలు చేసిన పంచాయతీలూ మున్సిపాలిటీలూ ఆ సొమ్ముని జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యకుండా బకాయి పెడుతున్నాయని పేపర్లలో వస్తూనే ఉంది. మన పైసలతో మన పిల్లలకి ఒక్క నవల రాలేదు. గ్రామసభలో లేచి నిలబడి అడగండి. ఈ పంచాయతీ ఎంత వసూలు చేసింది, ఎంత కట్టింది, పల్లెలో పుస్తకాల కేంద్రం ఎప్పుడు పెడతారు అని. సమాచార హక్కు చట్టం కింద కాగితం పెట్టండి. పంచాయతీకి పెడితే ఫీజు కూడా లేదు. దండోరా వేసి చెప్పినా తప్పులేదు.

వాళ్ళు ఇచ్చేలోపు ఊరుకోవద్దు. మా పల్లెలో నిరుటేడు వేసవికి చర్చి వరండాలో ఒక రేకు పెట్టె పెట్టాం. పట్నంలో ఉద్యోగాలు చేసే మన పిల్లలు పంపినవీ, పాత పుస్తకాల బండి మీద కొన్నవీ నలభై చిల్లర నవలలు. పెట్టెకి తాళం లేదు. పుస్తకం తీసుకున్నవాళ్ళు నోటు పుస్తకంలో పేరు రాయాలి, రాయటం రానివాళ్ళు పక్కవాళ్ళతో రాయించాలి. కథ ఏమిటని ఎవరినీ అడగం, సారాంశం రాయమనం, బహుమతులివ్వం. బడి తెరిచేనాటికి ఆరు పుస్తకాలు తిరిగి రాలేదు. వాటిలో నాలుగు డిటెక్టివులు, ఒకటి 'సెక్రటరీ', ఒకటి 'అంటరాని వసంతం'. ఈ ఏప్రిల్ లోపు ఆ ఆరూ మళ్ళీ కొనాలి. డిటెక్టివులు రెండేసి కాపీలు తెమ్మంటున్నారు.